నైలాన్‌లో హైడ్రోజన్ బంధాలు, యాంత్రిక సడలింపు

నైలాన్ జాతి పాలిమర్లను పాలీఎమైడ్లు అంటారు. వీటిలో పక్కపక్కన ఉన్న అణు గొలుసులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి ప్రధానంగా హైడ్రోజన్ బంధాలు. ఒక వస్తువును లాగి, వంచి లేదా అదిమి అదే స్థితిలో ఉంచినప్పుడు, దానిలో పుట్టిన ప్రతిబలం కాలం గడిచేకొద్దీ క్రమంగా తగ్గిపోవడాన్ని యాంత్రిక సడలింపు అంటారు. నైలాన్‌లో ఈ సడలింపు ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత వేగంగా జరుగుతుందనేది చాలావరకు హైడ్రోజన్ బంధాలపై ఆధారపడి ఉంటుంది. గాలిలోని తేమ నైలాన్‌లోకి చేరి ఈ బంధాలలో జోక్యం చేసుకుంటుంది. అందువలన ఒకే నైలాన్ వస్తువు ఎండాకాలంలో ఒక విధంగా, వానాకాలంలో మరొక విధంగా ప్రవర్తిస్తుంది.

హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతానికి ఈ విషయంతో రెండు విధాల సంబంధం ఉంది. అక్కడి కార్యాలయ భవనాలలో తీగలను కట్టే పట్టీలు, కుర్చీల కాళ్లు, నేలపై పరిచే తివాచీలు మొదలైన రూపాలలో నైలాన్ విస్తారంగా వాడుకలో ఉంది. అదే ప్రాంతంలో ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయం హైడ్రోజన్ బంధాలపై జరిగిన పరిశోధనల వలన ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

చరిత్ర, పేర్లలోని అంకెలు

అమెరికాలోని డ్యుపాంట్ సంస్థలో వాలేస్ కరోథర్స్ నాయకత్వంలో పనిచేసిన బృందం 1935 ఫిబ్రవరి 28న నైలాన్ 66ను మొదటిసారి తయారు చేసింది. కరోథర్స్ 1937లో మరణించాడు. డ్యుపాంట్ సంస్థ ఈ కొత్త నారను 1938 అక్టోబరులో లోకానికి ప్రకటించింది. అదే సంవత్సరం జర్మనీలో పాల్ ష్లాక్ కాప్రోలాక్టమ్ అనే పదార్థం నుండి నైలాన్ 6ను తయారు చేశాడు. నేటికీ వాడుకలో ఉన్న నైలాన్లలో ఈ రెండే ముఖ్యమైనవి.

నైలాన్ పేరు పక్కన ఉండే అంకెలు కార్బన్ పరమాణువుల సంఖ్యను తెలుపుతాయి. ఆరు కార్బన్లు ఉన్న డైఎమీన్, ఆరు కార్బన్లు ఉన్న ఎడిపిక్ ఆమ్లం కలిసినప్పుడు ఏర్పడేది నైలాన్ 66. ఆరు కార్బన్లు ఉన్న ఒకే పదార్థం నుండి ఏర్పడేది నైలాన్ 6. దీనిని బట్టి ఒక్కొక్క ఎమైడ్ సమూహానికి ఎన్ని మెథిలీన్ సమూహాలు ఉన్నాయో లెక్కించవచ్చు. నైలాన్ 6లోను, నైలాన్ 66లోను సగటున ఒక ఎమైడ్‌కు 5 మెథిలీన్లు ఉంటాయి. నైలాన్ 11లో 10, నైలాన్ 12లో 11 ఉంటాయి. ఎమైడ్లు దగ్గర దగ్గరగా ఉన్నకొద్దీ హైడ్రోజన్ బంధాలు దట్టంగా ఉంటాయి. ఆ ప్రభావం ద్రవీభవన స్థానాలలో స్పష్టంగా కనిపిస్తుంది. నైలాన్ 66 సుమారు 260 డిగ్రీల సెల్సియస్ వద్ద, నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల వద్ద, నైలాన్ 12 సుమారు 180 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఎమైడ్లు అసలే లేని పాలిథీన్ సుమారు 135 డిగ్రీలకు మించకుండానే కరిగిపోతుంది. మెథిలీన్ల సంఖ్య సమానమైనా నైలాన్ 66 కంటే నైలాన్ 6 తక్కువ ఉష్ణోగ్రత వద్ద కరగడాన్ని బట్టి, బంధాల సంఖ్యతో పాటు గొలుసుల అమరిక కూడా ముఖ్యమేనని తెలుస్తుంది.

హైడ్రోజన్ బంధం స్వభావం

ఎమైడ్ సమూహంలో నైట్రోజన్‌కు అంటిపెట్టుకొని ఒక హైడ్రోజన్ పరమాణువు, కార్బన్‌కు అంటిపెట్టుకొని ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. నైట్రోజన్ తనవైపు ఎలక్ట్రాన్లను లాక్కోవడం వలన హైడ్రోజన్ మీద కొద్దిగా ధనావేశం, అదే విధంగా ఆక్సిజన్ మీద కొద్దిగా ఋణావేశం ఏర్పడతాయి. ఒక గొలుసులోని హైడ్రోజన్, పక్క గొలుసులోని ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుంది. ఈ ఆకర్షణే హైడ్రోజన్ బంధం. నైలాన్‌లో ఈ బంధానికి రెండు కొనలలో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్‌ల మధ్య దూరం సుమారు 0.29 నానోమీటర్లు.

ఈ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 20 నుండి 30 కిలోజౌళ్ల శక్తి కావాలి. గొలుసు పొడవునా ఉన్న కార్బన్–కార్బన్ సమయోజనీయ బంధానికి సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. గది ఉష్ణోగ్రత వద్ద అణువులకు సహజంగా ఉండే ఉష్ణశక్తి మోల్‌కు సుమారు 2.5 కిలోజౌళ్లు. అంటే హైడ్రోజన్ బంధం ఉష్ణశక్తికి దాదాపు పది రెట్లు బలమైనది, సమయోజనీయ బంధంలో పదో వంతు కూడా బలం లేనిది. నైలాన్ ప్రవర్తనకు మూలం ఈ మధ్యస్థ స్థితిలోనే ఉంది. ఈ బంధాలు వస్తువుకు బిగువు ఇవ్వగలిగినంత గట్టివి, వేడికి గాని నీటికి గాని విడిపోయి మళ్లీ ఏర్పడగలిగినంత మెత్తనివి. గడ్డిపోచలను కలిపి పేనితే తాడైనట్లు, విడివిడిగా బలహీనమైన ఈ బంధాలు వేల సంఖ్యలో కలిసి నైలాన్‌కు దృఢత్వాన్ని ఇస్తున్నాయి.

ఎమైడ్‌లోని హైడ్రోజన్‌ను తొలగించి ఆ స్థానంలో మెథిల్ వంటి సమూహాన్ని ప్రవేశపెడితే హైడ్రోజన్ బంధం ఏర్పడడానికి అవకాశం ఉండదు. ఇలా మార్చిన నైలాన్లు తక్కువ ఉష్ణోగ్రతకే మెత్తబడి, మార్పు ఎక్కువైనప్పుడు రబ్బరు వలె సాగుతాయి. గొలుసు అదే అయినా గుణం మారిపోయింది కాబట్టి, నైలాన్ బిగువుకు కారణం హైడ్రోజన్ బంధాలేనని చెప్పడానికి ఇది తేలికగా అర్థమయ్యే నిదర్శనం.

పట్టులోను, ఉన్నిలోను ఉండే ప్రోటీన్లలో కూడా ఇవే ఎమైడ్ సమూహాలు ఉంటాయి. ఆ విధంగా పోచంపల్లి పట్టు దారానికి, నైలాన్ దారానికి అణు స్థాయిలో దగ్గరి చుట్టరికం ఉంది.

స్ఫటిక భాగం, అస్ఫటిక భాగం

నైలాన్ పూర్తిగా స్ఫటికం కాదు. కొంత భాగంలో గొలుసులు క్రమబద్ధంగా అమరి స్ఫటికాలుగా ఉంటాయి. తక్కిన భాగంలో చిక్కుపడిన దారపు ఉండ వలె అస్తవ్యస్తంగా ఉంటాయి. ఈ రెండో దానిని అస్ఫటిక భాగం అంటారు.

నైలాన్ 66 స్ఫటిక నిర్మాణాన్ని 1947లో ఇంగ్లాండులో బన్, గార్నర్ అనే శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాల సహాయంతో నిర్ధారించారు. వారు చూపినదాని ప్రకారం గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో ఒక పలకగా ఏర్పడతాయి. అటువంటి పలకలు పుస్తకంలోని కాగితాల వలె ఒకదానిపై ఒకటి పేర్చబడి ఉంటాయి. పలకకూ పలకకూ మధ్య ఉండేవి బలహీనమైన వాన్ డర్ వాల్స్ ఆకర్షణలు మాత్రమే. కాబట్టి నైలాన్ స్ఫటికానికి మూడు దిశలలో మూడు రకాల బలం ఉంటుంది. గొలుసు పొడవునా సమయోజనీయ బంధం, పలకలో అడ్డంగా హైడ్రోజన్ బంధం, పలకల మధ్య వాన్ డర్ వాల్స్ ఆకర్షణ.

సడలింపు దృష్ట్యా ముఖ్యమైనది అస్ఫటిక భాగం. గది ఉష్ణోగ్రత వద్ద నీరు స్ఫటికంలోకి దాదాపుగా ప్రవేశించలేదు. అది చేరేదీ, గొలుసుల కదలికను మార్చేదీ అస్ఫటిక భాగంలోనే.

యాంత్రిక సడలింపు

ఉక్కు స్ప్రింగును లాగి వదిలితే వెంటనే పూర్వస్థితికి వస్తుంది. తేనెను గరిటెతో కదిపితే అది ప్రవహించి అక్కడే ఉండిపోతుంది. మొదటిది స్థితిస్థాపకత, రెండవది స్నిగ్ధత. పాలిమర్లలో ఈ రెండు గుణాలు కలిసి ఉంటాయి. నైలాన్ పట్టీని కొంత సాగదీసి అదే పొడవు వద్ద బిగించి ఉంచితే, మొదట్లో ఉన్న బిగువు గంటలు, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. పట్టీ పొడవు మారలేదు, కాని లోపల గొలుసులు మెల్లగా సర్దుకున్నాయి. సరళమైన నమూనాలో ప్రతిబలం మొదటి విలువలో సుమారు 37 శాతానికి తగ్గడానికి పట్టే కాలాన్ని సడలింపు కాలం అంటారు. నిజమైన పాలిమర్‌లో ఒకే సడలింపు కాలం ఉండదు. సెకనులో స్వల్పాంశం నుండి సంవత్సరాల వరకు విస్తరించిన అనేక సడలింపు కాలాలు ఉంటాయి.

ప్రయోగశాలలో సంవత్సరాల తరబడి వేచి ఉండకుండా వేరొక పద్ధతి అనుసరిస్తారు. చిన్న నైలాన్ ముక్కను ఒక నిర్దిష్ట పౌనఃపున్యంతో అటూ ఇటూ వంచుతూ ఉష్ణోగ్రతను మెల్లగా పెంచుతారు. వంచడానికి ఖర్చైన శక్తిలో కొంత తిరిగి వస్తుంది, కొంత వేడిగా మారి నష్టమవుతుంది. ఏదైనా అణు కదలిక వేగం, వంచే వేగంతో సరిపోయినప్పుడు ఈ నష్టం అత్యధికమవుతుంది. అందువలన నష్టాన్ని ఉష్ణోగ్రతకు ఎదురుగా గీసిన రేఖాచిత్రంలో శిఖరాలు కనిపిస్తాయి. ఒక్కొక్క శిఖరం ఒక్కొక్క రకం కదలికకు గుర్తు. పౌనఃపున్యం పెంచితే శిఖరాలు ఎక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతాయి.

నైలాన్‌లోని మూడు సడలింపులు

నైలాన్లలో ఇటువంటి శిఖరాలు మూడు కనిపిస్తాయి. 1950 దశాబ్దం నుండి వీటిపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. ఎక్కువ ఉష్ణోగ్రత నుండి తక్కువ ఉష్ణోగ్రతకు వరుసగా వీటికి ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టారు. క్రింద ఇచ్చిన ఉష్ణోగ్రతలు సెకనుకు సుమారు ఒక కంపనం చొప్పున కొలిచినప్పటివి.

ఆల్ఫా సడలింపు: పొడి నైలాన్ 6, నైలాన్ 66లలో ఇది సుమారు 50 నుండి 80 డిగ్రీల మధ్య కనిపిస్తుంది. అస్ఫటిక భాగంలోని గొలుసులలో పొడవైన ఖండాలు ఒక్కుమ్మడిగా కదలడం మొదలుపెట్టే స్థితి ఇది. దీనినే గాజు పరివర్తనగా భావిస్తారు. దీనికంటే తక్కువ ఉష్ణోగ్రతలో నైలాన్ గట్టిగా, బిరుసుగా ఉంటుంది. దీనిని దాటితే మెత్తబడి, తోలు వలె వంగుతుంది. ఒక ఖండం కదలాలంటే దానిని పట్టుకొని ఉన్న అనేక హైడ్రోజన్ బంధాలు సహకరించాలి కాబట్టి, ఈ సడలింపు హైడ్రోజన్ బంధాల ప్రభావానికి ఎక్కువగా లోనవుతుంది.

బీటా సడలింపు: ఇది సున్నాకు దిగువన సుమారు 60 డిగ్రీల ప్రాంతంలో కనిపిస్తుంది. నైలాన్‌ను జాగ్రత్తగా ఆరబెడితే ఈ శిఖరం బాగా చిన్నదైపోతుంది. కొద్దిగా నీరు చేరితే పెరుగుతుంది. అందుచేత ఎమైడ్ సమూహం, దానికి అంటుకున్న నీటి అణువు కలిసి చేసే కదలికగా దీనిని వివరిస్తారు.

గామా సడలింపు: ఇది సున్నాకు దిగువన సుమారు 120 డిగ్రీల వద్ద కనిపిస్తుంది. ఎమైడ్ల మధ్య ఉన్న మెథిలీన్ సమూహాలు, ఇరుసు చుట్టూ తిరిగే చేతిపిడి వలె తిరగడం దీనికి కారణం. పాలిథీన్‌లో కూడా ఇటువంటి సడలింపు ఉండడం ఈ వివరణను బలపరుస్తుంది. దీనికి హైడ్రోజన్ బంధం తెగవలసిన అవసరం లేదు. అయినా నీరు పెరిగేకొద్దీ బీటా శిఖరం పెరుగుతూ గామా శిఖరం తగ్గడం గమనించారు. అంటే ఈ రెండు కదలికలు ఒకదానికొకటి పూర్తిగా సంబంధం లేనివి కావు.

నీటి పాత్ర

నీటి అణువుకు హైడ్రోజన్ బంధాన్ని ఇవ్వగల శక్తి, పుచ్చుకోగల శక్తి రెండూ ఉన్నాయి. అది రెండు గొలుసుల మధ్యకు చేరి, వాటి మధ్య నేరుగా ఉన్న బంధం స్థానంలో తాను నిలబడుతుంది. 1967లో చెకొస్లొవేకియాకు చెందిన పుఫ్ర్, షెబెండా అనే శాస్త్రజ్ఞులు దీనికి ఒక నమూనాను ప్రతిపాదించారు. దాని ప్రకారం మొదట వచ్చిన నీటి అణువులు రెండు ఎమైడ్ల ఆక్సిజన్ల మధ్య గట్టిగా అతుక్కుంటాయి. తరువాత వచ్చినవి హైడ్రోజన్ బంధాల నడుమ వదులుగా చేరతాయి. ఆపైన వచ్చినవి చిన్న గుంపులుగా ఉంటాయి.

నేరుగా ఉన్న పట్టు పోయి నీటి ద్వారా ఉన్న పట్టు మిగలడంతో గొలుసులు తేలికగా జరుగుతాయి. ఫలితంగా ఆల్ఫా సడలింపు తక్కువ ఉష్ణోగ్రతకు దిగుతుంది. పొడిగా ఉన్నప్పుడు 50 డిగ్రీలకు పైన ఉండే గాజు పరివర్తన, సాధారణ తేమలో గది ఉష్ణోగ్రత ప్రాంతానికి చేరుతుంది. నీటిలో పూర్తిగా నానిన నైలాన్ 6లో సున్నా కంటే దిగువకు పోతుంది. మనం నివసించే ఉష్ణోగ్రతలు సరిగ్గా ఈ మధ్యలో ఉండడం వలననే నైలాన్ విషయంలో తేమకు ఇంత ప్రాముఖ్యం వచ్చింది.

23 డిగ్రీల వద్ద 50 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిలో నైలాన్ 6, నైలాన్ 66 తమ బరువులో సుమారు 2.5 నుండి 3 శాతం నీటిని పీల్చుకుంటాయి. నీటిలో నానబెడితే నైలాన్ 66 సుమారు 8.5 శాతం, నైలాన్ 6 సుమారు 9.5 శాతం పీల్చుకుంటాయి. ఎమైడ్లు తక్కువగా ఉన్న నైలాన్ 12 మాత్రం నానబెట్టినా ఒకటిన్నర శాతానికి మించి పీల్చుకోదు. పొడి నైలాన్ 66 యంగ్ గుణకం సుమారు 3 గిగాపాస్కల్‌లు. 50 శాతం ఆర్ద్రతకు అలవాటు పడ్డాక అది దాదాపు సగానికి తగ్గుతుంది. అదే సమయంలో దెబ్బకు తట్టుకొనే గుణం పెరుగుతుంది. అంటే నీరు నైలాన్‌ను బలహీనపరుస్తుందని ఒక్క మాటలో చెప్పడం సరికాదు. అది బిగువును తగ్గించి, పెళుసుతనాన్ని కూడా తగ్గిస్తుంది.

తేమ లోపలికి చేరడానికి చాలా కాలం పడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాన్ గది ఉష్ణోగ్రత వద్ద చుట్టూ ఉన్న గాలితో సమతాస్థితికి రావడానికి వారాల నుండి నెలల వరకు పట్టవచ్చు. మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి మందపాటి వస్తువుకు పగలు–రాత్రి తేడా తెలియదు గాని ఋతువుల తేడా తెలుస్తుంది.

సడలింపులో బంధాలు తెగుతాయా?

హైడ్రోజన్ బంధాలు తెగడమే ఆల్ఫా సడలింపు అని తొలినాళ్లలో చాలామంది భావించారు. పరారుణ వర్ణపట పద్ధతిలో దీనిని పరీక్షించవచ్చు. బంధంలో ఉన్న నైట్రోజన్–హైడ్రోజన్ జత సెంటీమీటరుకు సుమారు 3300 తరంగాల వద్ద కాంతిని శోషిస్తుంది. స్వేచ్ఛగా ఉన్న జత సుమారు 3450 ప్రాంతంలో శోషిస్తుంది. 1958లో ట్రైఫన్, టెరెంజీ ప్రచురించిన ఫలితాల ప్రకారం గది ఉష్ణోగ్రత వద్ద నైలాన్లలోని ఈ జతలలో దాదాపు అన్నీ, అంటే 99 శాతానికి పైగా, బంధంలోనే ఉన్నాయి. అస్ఫటిక భాగం కూడా దీనికి మినహాయింపు కాదు. క్రమం లేని చోట కూడా ప్రతి హైడ్రోజన్ ఏదో ఒక ఆక్సిజన్‌ను వెతుక్కుంటుంది.

ఉష్ణోగ్రత పెంచినప్పుడు స్వేచ్ఛగా ఉన్న జతలు పెరుగుతాయి. కాని ఎంత పెరిగాయో లెక్కించడంలో ఒక చిక్కు ఉంది. 1985, 1986 సంవత్సరాలలో స్క్రోవానెక్, పెయింటర్, కోల్‌మన్ తదితరులు చూపినట్లు, బలమైన బంధంలో ఉన్న జత కాంతిని ఎక్కువగా, బలహీనమైన బంధంలో ఉన్న జత తక్కువగా శోషిస్తుంది. వేడి చేసినప్పుడు బంధాలు బలహీనపడితే శోషణ తగ్గుతుంది. దానిని చూసి బంధాలు తెగిపోయాయని పొరపాటు పడే అవకాశం ఉంది. ఈ సవరణ చేసిన తరువాత, గాజు పరివర్తన వద్ద బంధాలు మూకుమ్మడిగా తెగిపోతాయన్న భావన నిలబడలేదు.

అందువలన ప్రస్తుతం అంగీకరించబడిన చిత్రం ఈ విధంగా ఉంది. ఆల్ఫా సడలింపులో బంధాల మొత్తం సంఖ్య పెద్దగా మారదు, జతగాళ్లు మారతారు. ఒక ఎమైడ్ తన పాత భాగస్వామిని విడిచి పక్కనున్న కొత్త భాగస్వామిని పట్టుకుంటుంది. కోలాటంలో ఆటగాళ్లు జతలు మారుతున్నా కోలలు తగులుతూనే ఉన్నట్లు, ఏ క్షణంలో చూసినా దాదాపు అన్ని బంధాలూ ఉంటాయి, కాని గొలుసులు కొద్దికొద్దిగా జరిగిపోతాయి. ఉష్ణోగ్రత, నీరు ఈ మార్పిడి వేగాన్ని పెంచుతాయి. బిగించిన నైలాన్ పట్టీ వదులు కావడానికి మూలకారణం ఇదే.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధనలు

హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. మొదట ఆబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్ భవనంలో నడిచి, తరువాత గచ్చిబౌలికి తరలింది. 1979 నుండి 2009 వరకు ఇక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు అణువులు స్ఫటికాలుగా ఎలా అమరుతాయో, అందులో హైడ్రోజన్ బంధాల పాత్ర ఏమిటో పరిశోధించాడు. నైట్రోజన్, ఆక్సిజన్ వంటి పరమాణువులకే కాక కార్బన్‌కు అంటిన హైడ్రోజన్ కూడా బలహీనమైన హైడ్రోజన్ బంధాలను ఏర్పరచగలదన్న విషయానికి ఆమోదం రావడంలో ఈ కృషి ముఖ్యమైనది. స్ఫటిక ఇంజనీరింగుపై 1989లో ఆయన రాసిన గ్రంథం, బలహీన హైడ్రోజన్ బంధంపై 1999లో థామస్ స్టైనర్‌తో కలిసి రాసిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైనవి.

2011లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య హైడ్రోజన్ బంధానికి కొత్త నిర్వచనాన్ని ప్రచురించింది. దీనిని రూపొందించిన బృందంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఇ. అరుణన్, అప్పటికి అదే సంస్థకు మారిన దేశిరాజు ఉన్నారు. బంధం ఏర్పడిందనడానికి నిదర్శనాలు ఉండాలని ఈ నిర్వచనం కోరుతుంది. పైన చెప్పిన పరారుణ శోషణ మార్పు అటువంటి నిదర్శనాలలో ఒకటి.

యాంత్రిక గుణాలకు సంబంధించి హైదరాబాదు నుండి 2005లో సి. మల్లారెడ్డి, దేశిరాజు తదితరులు ప్రచురించిన పరిశోధన చెప్పుకోదగినది. కొన్ని సేంద్రియ స్ఫటికాలు విరగకుండా వంగుతాయి, కొన్ని పెళుసుగా విరుగుతాయి. దీనికి కారణం అణువుల మధ్య ఆకర్షణలు అన్ని దిశలలో సమానంగా ఉన్నాయా లేదా అన్నదేనని వారు చూపారు. ఒక దిశలో బలమైన ఆకర్షణలు, దానికి లంబ దిశలో బలహీనమైన ఆకర్షణలు ఉన్నప్పుడు పొరలు ఒకదానిపై ఒకటి జారి స్ఫటికం వంగుతుంది. ఈ పరిశోధన చిన్న అణువుల స్ఫటికాలపై జరిగింది, నైలాన్‌పై కాదు. అయినా నైలాన్ స్ఫటికంలో కూడా హైడ్రోజన్ బంధాల పలకలు, వాటి మధ్య బలహీన ఆకర్షణలు ఉన్నాయి కాబట్టి, ఆ ఆలోచన నైలాన్‌ను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది.

హైటెక్ సిటీ భవనాలలో నైలాన్

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతమంతా కార్యాలయ భవనాలతో నిండింది. ఇటువంటి భవనాలలో నైలాన్ సాధారణంగా మూడు చోట్ల కనిపిస్తుంది.

కేబుల్ టైలు: కంప్యూటర్ తీగలను కట్టగా కట్టే ఈ పట్టీలు ఎక్కువగా నైలాన్ 66తో చేస్తారు. వీటికి వంగే గుణం ఉండాలంటే తగినంత తేమ ఉండాలి. అందుచేతనే తయారీదారులు వీటిని మూసిన సంచులలో పంపుతారు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. వానాకాలపు ఉదయాలలో 80 శాతం దాటుతుంది. ఎండాకాలంలో సంచి తెరిచి వదిలేస్తే పట్టీలు ఎండి, బిగించేటప్పుడు పుటుక్కున తెగవచ్చు. సర్వర్లు ఉండే గదిలో మరొక విశేషం ఉంది. 22 డిగ్రీల వద్ద 50 శాతం ఆర్ద్రత ఉన్న గాలి సర్వర్ల గుండా పోయి 36 డిగ్రీలకు వేడెక్కితే, అందులోని నీరు మారకపోయినా సాపేక్ష ఆర్ద్రత సుమారు 22 శాతానికి తగ్గుతుంది. కాబట్టి ఒకే గదిలో సర్వర్ల ముందు వైపు పట్టీలు మెత్తగా, వెనుక వైపు పట్టీలు బిరుసుగా ఉండడానికి అవకాశం ఉంది.

కుర్చీల కాళ్లు: తిరిగే కుర్చీల అడుగున ఉండే ఐదు కాళ్ల పీటను తరచుగా గాజు నార కలిపిన నైలాన్‌తో చేస్తారు. గాజు నారకు తేమతో సంబంధం లేదు కాబట్టి, నైలాన్ మెత్తబడినా పీట తన ఆకారాన్ని నిలుపుకుంటుంది. సడలింపును అదుపులో ఉంచడానికి ఇది ప్రధాన మార్గం.

తివాచీలు: కార్యాలయాలలో పరిచే తివాచీ పలకలలో నైలాన్ నూలు ఎక్కువగా వాడతారు. బరువైన బల్ల కాలు చాలాకాలం ఉన్నచోట గుంట పడుతుంది. అక్కడ గొలుసులు కొత్త స్థితిలో సర్దుకొని, కొత్త హైడ్రోజన్ బంధాలతో స్థిరపడ్డాయన్నమాట. ఆవిరి పట్టిస్తే నీరు, వేడి కలిసి ఆ బంధాలను వదులు చేయడంతో నూలు మళ్లీ లేస్తుంది.

ఇతర ఉదాహరణలు

నైలాన్ దారాలు వేసిన టైర్లు పరుగులో వేడెక్కుతాయి. వాహనాన్ని ఆపి రాత్రంతా వదిలితే, నేలను ఆనుకున్న భాగం బరువు కింద చల్లబడి చదునుగా బిగుసుకుంటుంది. మరునాడు ఉదయం మొదటి కొన్ని కిలోమీటర్లు టైరు దడదడమంటుంది. మళ్లీ వేడెక్కాక సర్దుకుంటుంది. గాజు పరివర్తనకు అటూ ఇటూ తిరగడం వలన కలిగే ఫలితం ఇది.

భారతీయ రైల్వేలు పట్టాలను స్లీపర్లకు బిగించే అమరికలో గాజు నార కలిపిన నైలాన్ 66 లైనర్లను వాడతాయి. ఎండలోను, వానలోను ఏళ్ల తరబడి ఒత్తిడిని భరించవలసిన ఈ భాగాలకు సడలింపు, తేమ ప్రభావం తెలిసి ఉండడం భద్రతకు సంబంధించిన విషయం.

నూలు బట్టను ఇస్త్రీ చేసేముందు నీళ్లు చిలకరించడంలో కూడా ఇదే సూత్రం ఉంది. నూలులోని సెల్యులోజ్ గొలుసుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలను నీరు వదులు చేస్తుంది. ఇస్త్రీపెట్టె వేడికి నీరు ఆవిరైపోగా బట్ట చదునుగా ఉన్న స్థితిలోనే బంధాలు మళ్లీ ఏర్పడతాయి.

ప్రాముఖ్యం

నైలాన్ గురించి పట్టికలలో ఇచ్చే బిగువు, బలం వంటి విలువలు ఏ స్థితిలో కొలిచినవో చూడకుండా వాడరాదు. అచ్చు నుండి తీసిన వెంటనే పొడిగా ఉన్నప్పుడు కొలిచిన విలువ, 50 శాతం ఆర్ద్రతకు అలవాటు పడ్డాక కొలిచిన విలువ కంటే దాదాపు రెట్టింపు ఉండవచ్చు. పొడి విలువను నమ్మి లెక్క కట్టిన భాగం వానాకాలంలో అనుకున్నదానికంటే ఎక్కువగా వంగుతుంది. తేమ విలువను నమ్మి, దెబ్బకు తట్టుకుంటుందనుకున్న భాగం ఎండాకాలంలో పగలవచ్చు. కొలతలు కూడా మారతాయి. 50 శాతం ఆర్ద్రతకు అలవాటు పడేసరికి నైలాన్ 6 లేదా నైలాన్ 66 వస్తువు పొడవు సుమారు అర శాతం పెరుగుతుంది. పళ్ల చక్రాలు, బేరింగుల వంటి భాగాలలో ఈ తేడా చిన్నది కాదు. కొలత స్థిరంగా ఉండవలసిన చోట నైలాన్ 12 వంటి తక్కువ ఎమైడ్లు ఉన్న రకాన్ని, బిగువు ముఖ్యమైన చోట గాజు నార కలిపిన రకాన్ని ఎంచుకుంటారు.

లోహానికి చెప్పినట్లు నైలాన్‌కు ఒకే ఒక్క బిగువు విలువ చెప్పడం సాధ్యం కాదు. ఉష్ణోగ్రత, తేమ, కాలం అనే మూడింటినీ కలిపి చెప్పినప్పుడే ఆ విలువకు అర్థం ఉంటుంది. ఈ మూడూ పనిచేసేది ఒకే చోట, ఎమైడ్ల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధం వద్ద.

ఇవి కూడా చూడండి

నైలాన్
పాలిమర్
హైడ్రోజన్ బంధం
స్థితిస్థాపకత
స్నిగ్ధత
హైదరాబాదు విశ్వవిద్యాలయం
హైటెక్ సిటీ